స్టిక్కరు బంకకు నీలగిరి తైలం: చాలాకాలం వాడాక

కొత్త డబ్బా మీద ధర స్టిక్కరు పీకితే కాగితం చిరిగి చేతికొస్తుంది, బంక మాత్రం అక్కడే ఉంటుంది. దుమ్ము పట్టి నల్లబడ్డాక అది సబ్బుకు లొంగదు. ఈ బంక మీద నీలగిరి తైలాన్ని మించింది నాకింకా దొరకలేదు. కారణం ఒక్కటే: గట్టిగా రుద్దే పని లేదు. ప్లాస్టిక్ మీద గీతలు పడేది పీచుతోనో బ్లేడుతోనో రుద్దడం వల్లే కదా.

ముందు కాగితం పొర తీసేయాలి, పైన నిగనిగలాడే పొర ఉంటే తైలం కిందికి దిగదు. దూదికి నాలుగైదు చుక్కలు పట్టించి బంక మీద 5 నిమిషాలు ఉంచాలి. పాత బంకైతే తైలం ఆరిపోకుండా పైన కవరు ముక్క కప్పాలి. తర్వాత పాత ఏటీఎం కార్డు అంచుతో పక్కల నుంచి మధ్యకు తోస్తే బంక ఉండలుగా వచ్చేస్తుంది. గుండ్రంగా తిప్పితే మాత్రం కరిగిన బంక పల్చగా చుట్టూ పాకుతుంది. చివర్లో గిన్నెల సబ్బుతో కడిగితే సరి.

ఎంత మెచ్చుకున్నా, ఇది అన్ని ప్లాస్టిక్‌లకూ కాదు. అడుగున త్రికోణంలో 2 గానీ 5 గానీ ఉన్న బకెట్లు, మూతలు, టిఫిన్ డబ్బాలకు భయం లేదు. 6 ఉంటే తైలం దగ్గరికే తేవద్దు. అది పాలీస్టైరీన్. నీలగిరి తైలం బంకతో పాటు దాన్నీ కరిగిస్తుంది. అద్దంలా ఉండే ఫ్రిజ్ ట్రేలు చాలావరకు ఈ రకమే, వాటి మీద అంకె లేకపోయినా అలాగే చూడాలి. ముందు పైపొర మెత్తబడి వేలిముద్ర దిగుతుంది, ఆరాక పాలలా మసకబారుతుంది. మూలల్లో, మడతల్లో సన్నటి పగుళ్లు కొన్నాళ్లకు గానీ బయటపడవు. ఆ మసక మళ్లీ పోదు. అలాంటి వాటికి గోరువెచ్చని సబ్బు నీళ్లతో నానబెట్టి, తుడిచి ఆరాక, ప్యాకింగ్ టేపును బంక మీద నొక్కి చటుక్కున లాగడమే మేలు. ఆలస్యమే గానీ వస్తువు దక్కుతుంది. గోళ్ల రంగు తీసే అసిటోన్ ఇంకా ప్రమాదం, రిమోట్ల ప్లాస్టిక్‌ను కూడా కరిగిస్తుంది.

ఏ రకమో తెలియకపోతే వెనకవైపు ఒక్క చుక్క వేసి 10 నిమిషాలాగి చూడండి. వేలికి అంటుకున్నా, మెరుపు తగ్గినా ఆపేయాలి. అచ్చువేసిన అక్షరాలు, కొలత గీతలు కూడా దీనికి చెరిగిపోవచ్చు.

మా ఇంట్లో ఎక్కువగా బకెట్లూ డబ్బాలే కాబట్టి నాకిది సరిపోయింది. చిన్న పిల్లలున్న ఇంట్లో సీసా అందకుండా పెట్టాలి, కొంచెం మింగినా ప్రమాదమే. పొయ్యి దగ్గర వాడొద్దు, మంట అంటుకుంటుంది. ఘాటు పడని వాళ్లకు కొబ్బరినూనె ఉంది, కాకపోతే గంటసేపు ఆగాలి. కొన్న తైలంలో ఇంకో నూనె కలిసిందేమో చూడాలంటే తెల్ల కాగితం మీద చుక్క వేసి ఆరనివ్వండి. జిడ్డు మరక బాగా మిగిలితే కల్తీ సరుకే, బంక మీద అంత చురుగ్గా పనిచేయదు.