క్రాకెన్ ఎస్‌డీఆర్ సమీక్ష: కారు మీద ఐదు యాంటెనాలు, ఒక్క బాణం

రేడియో సిగ్నల్ ఎటు నుంచి వస్తోందో బండి నడుపుతూనే మ్యాపు మీద చూడాలనుకునేవాళ్లకు మేం చెప్పే పేరు క్రాకెన్ ఎస్‌డీఆర్, అంటే కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఐదు ఛానెళ్ల రేడియో రిసీవర్ పెట్టె. పెట్టె బాగుంది. కానీ అది చూపించే బాణం నిజమా కాదా అన్నది ఎక్కువగా కారు టాపు మీద మీరు చేసే పనిని బట్టే ఉంటుంది. అందుకే ఈ సమీక్షలో సగం యాంటెనాల గురించే.

లోపల ఐదు ఆర్‌టీఎల్ రిసీవర్లు (చవక యూఎస్‌బీ డాంగిళ్లలో ఉండే రకం) ఒకే క్లాక్ మీద నడుస్తాయి. పరిధి 24 నుంచి 1766 మెగాహెర్ట్జ్, ఒక్కసారికి కనిపించే వెడల్పు 2.4 మెగాహెర్ట్జ్. ఒకే సిగ్నల్ ఐదు యాంటెనాలకు చేరేటప్పుడు ఫేజ్‌లో, అంటే తరంగం ఏ దశలో ఉందన్న దానిలో, వచ్చే తేడాలను మ్యూజిక్ అనే అల్గారిథం లెక్కగట్టి దిశ తేలుస్తుంది. రిసీవర్ల సొంత ఫేజ్ తేడాలు ఆ లెక్కలో కలిసిపోకుండా పెట్టెలోనే నాయిస్ సోర్స్, స్విచ్‌లు ఉన్నాయి. ఫ్రీక్వెన్సీ మార్చిన ప్రతిసారీ వాటితో పెట్టె తనంతట తానే కాలిబ్రేట్ చేసుకుంటుంది, అంటే ఆ తేడాలను కొలిచి సరిచేసుకుంటుంది. దీనికి ముందొచ్చిన నాలుగు ఛానెళ్ల కెర్బెరాస్‌లో ఆ పనికి యాంటెనాలు ఊడదీయాల్సి వచ్చేది. రోడ్డు మీద వాడేవాళ్లకు ఈ ఒక్క మార్పే కొనడానికి సరిపడా కారణం.

పెట్టెతో పాటు యాంటెనాలు, కంప్యూటర్, పవర్ సప్లై రావు. కంప్యూటర్‌గా రాస్ప్‌బెర్రీ పై 4 సరిపోతుంది. పెట్టెకు రెండు టైప్-సి పోర్టులుంటాయి, ఒకటి డేటాకి, ఒకటి కరెంటుకి. పెట్టె ఒక్కటే 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లకు పైగా లాగుతుంది, కాబట్టి దానికీ రాస్ప్‌బెర్రీ పైకీ వేర్వేరుగా 3 ఆంపియర్లు ఇవ్వగల కారు ఛార్జర్ ఔట్‌పుట్లు పెట్టండి. సన్నగా, పొడుగ్గా ఉన్న కేబుల్ వాడితే వోల్టేజ్ దారిలోనే పడిపోతుంది. అప్పుడు ఐదు ఛానెళ్లలో ఒకటి మాయమవుతుంది, లేదా ఛానెళ్ల మధ్య సింక్ నిలవదు. చాలామంది సాఫ్ట్‌వేర్‌ని అనుమానించి ఎస్‌డీ కార్డు మళ్లీ రాసుకుంటారు. ముందు కేబుల్ మార్చి చూడండి. ఫ్యాన్‌కి గాలి ఆడేలా పెట్టడం కూడా ముఖ్యమే, ఎండలో మూసిన డ్యాష్‌బోర్డ్ మీద వద్దు.

ఇక టాపు సంగతి. ఐదు మ్యాగ్నెట్ యాంటెనాలను ఒక వృత్తం మీద 72 డిగ్రీలకు ఒకటి చొప్పున నిలబెట్టాలి. పక్కపక్క యాంటెనాల మధ్య దూరం వ్యాసార్ధానికి 1.176 రెట్లు. ఆ దూరం తరంగదైర్ఘ్యంలో సగం దాటకూడదు. దాటితే ఒకే సిగ్నల్‌కి రెండు మూడు దిశలు పుట్టుకొస్తాయి. మరీ తక్కువైతే ఫేజ్ తేడా చిన్నదై బాణం ఊగుతుంది. వ్యాసార్ధం 25 సెం.మీ. తీసుకుంటే దూరం 29.4 సెం.మీ. వస్తుంది, అది 433.92 మెగాహెర్ట్జ్‌కి 0.43 తరంగదైర్ఘ్యం, చక్కగా సరిపోతుంది. దాంతోనే 145 మెగాహెర్ట్జ్ కూడా వెతకొచ్చు గానీ అక్కడ 0.14 మాత్రమే అవుతుంది. 145 కోసమే అయితే 50 సెం.మీ. వ్యాసార్ధం వేయండి. 868కి మాత్రం 14 సెం.మీ. దాటనివ్వకండి. కడ్డీ పొడవు పావు తరంగదైర్ఘ్యం ఉండాలి: 433కి దాదాపు 17 సెం.మీ., 145కి 50. ఐదూ ఒకే పొడవు, అన్నీ నిటారుగా.

టేపుతో అంచనాగా కొలిచి పెట్టేకన్నా ఒక దళసరి గుడ్డ మీద వృత్తం గీసి, ఐదు చోట్లా మ్యాగ్నెట్ సైజుకి రంధ్రాలు కోసి, ముందు వైపు బాణం వేసి ఉంచుకోవడం మేలు. పరిచి నిలబెట్టడమే పని, ప్రతిసారీ ఒకేలా కూర్చుంటాయి. టాపు మీద రూఫ్ ర్యాక్ గానీ వేరే యాంటెనా గానీ దగ్గర్లో ఉంటే తీసేయండి.

కాలిబ్రేషన్ పెట్టె సాకెట్ వరకే పనిచేస్తుంది. కేబుళ్ల తేడా దానికి తెలియదు. మామూలు పాలిథిలీన్ కోయాక్స్ (యాంటెనా కేబుల్)లో 433 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్క సెంటీమీటరు తేడా అంటే దాదాపు 8 డిగ్రీల ఫేజ్ తేడా. అందుకే ఐదూ ఒకే రకం, ఒకే పొడవు. పాడైన ఒక కేబుల్‌కి బదులు ఏదో ఒకటి తగిలిస్తే బాణం తప్పుదారి పట్టిస్తుంది. ఫిల్టర్లు వాడినా ఇదే నియమం: ఐదింటికీ ఒకే మోడల్.

ఛానెల్ నంబర్ల వరుస తిరగేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. కాబట్టి బయల్దేరే ముందు ఖాళీ మైదానంలో ఒక చిన్న హ్యాండ్‌హెల్డ్ రేడియోతో, మీకు అనుమతి ఉన్న ఫ్రీక్వెన్సీలో, ఒకరిని కారు చుట్టూ నడవమనండి. కుడివైపు నిలబడితే బాణం కుడికి చూపాలి. ముందు, వెనక కూడా చూడండి. అన్ని వైపులా ఒకే కోణం తేడా వస్తే అమరిక తిరిగి ఉందన్నమాట, ఒక్క వైపే తప్పితే కేబుల్ గానీ యాంటెనా గానీ అనుమానించాలి.

సెట్టింగులు బ్రౌజర్‌లోనే, రాస్ప్‌బెర్రీ పై నెట్‌వర్క్ అడ్రస్ వెనక 8080 పోర్టు. అమరిక వృత్తం అని ఎంచి, వ్యాసార్ధం ఇవ్వాలి. గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలన్న సెట్టింగు) విషయంలో తొందరపడొద్దు. ఇవి 8 బిట్ల రిసీవర్లు, పక్కన బలమైన స్టేషన్ ఉంటే సులువుగా నిండిపోతాయి. స్పెక్ట్రమ్‌లో అడుగున ఉండే నాయిస్ మట్టం ఒక్కసారిగా లేచినా, లేని సిగ్నళ్లు కనబడినా గెయిన్ తగ్గించండి. స్క్వెల్చ్‌ని, అంటే ఎంత బలముంటే సిగ్నల్‌గా లెక్కించాలన్న హద్దును, నాయిస్ కన్నా కాస్త పైన ఉంచకపోతే సిగ్నల్ లేనప్పుడు కూడా గాలిలో బాణాలు గీస్తూనే ఉంటుంది. సిగ్నల్ చిన్న చిన్న తునకలుగా వస్తుంటే డేటా బ్లాక్ (ఒక్కో లెక్కకి తీసుకునే శాంపిళ్లు) పొడవు తగ్గించండి. 2.4 మెగాహెర్ట్జ్ వేగంతో 2 పవర్ 20 శాంపిళ్లు కూడేసరికి 437 మిల్లీసెకన్లు పడుతుంది, అంతలో చిన్న పల్స్ నాయిస్‌లో కలిసిపోతుంది.

ఆండ్రాయిడ్ యాప్ ఈ పరికరానికి ప్రాణం. ఫోను జీపీఎస్‌తో ప్రతి దిశనూ మ్యాపు మీద కూడబెట్టి, ట్రాన్స్‌మిటర్ ఉండే చోటును రంగుతో చూపిస్తుంది. జీపీఎస్‌కి బండి కదిలితేనే దాని ముఖం ఎటో తెలుస్తుంది. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు లారీల మీద నుంచి వచ్చే ప్రతిఫలనాలు వందలుగా నమోదై మ్యాపును పాడుచేస్తాయి, అప్పుడు లాగింగ్ ఆపేయాలి. ఎత్తైన భవనాల మధ్య ఒక్క బాణాన్ని నమ్మొద్దు. దిశల గ్రాఫ్‌లో శిఖరం సన్నగా, ఒక్కటే ఉన్న దిశలకే విలువ. నేరుగా దాని మీదికి వెళ్లకుండా అడ్డంగా కొంత దూరం నడిపితే గీతలు పెద్ద కోణంలో కలుస్తాయి, చోటు త్వరగా తేలుతుంది.

చివరి వంద మీటర్లు దీని పని కాదు. కారు వెళ్లలేని చోట మూడు ఎలిమెంట్ల యాగీ (ఒక దిశకే తిప్పి వాడే యాంటెనా), సిగ్నల్‌ని తగ్గించే ఒక అటెన్యుయేటర్ చేతిలో ఉండాలి. సిగ్నల్ మరీ బలంగా ఉంటే మూడో హార్మోనిక్, అంటే మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే దాని నీడలాంటి సిగ్నల్, వినండి: 145.5 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్‌ని 436.5 దగ్గర. అక్కడ అది ఎన్నో రెట్లు బలహీనం కాబట్టి దిశ స్పష్టంగా తెలుస్తుంది.

ఎప్పుడో ఒకసారి ఫాక్స్ హంట్‌కి (దాచిన ట్రాన్స్‌మిటర్‌ని వెతికే పోటీకి) వెళ్లేవాళ్లకు ఒక్క ఆర్‌టీఎల్ డాంగిల్, అదే యాగీ చాలు. ప్యాసివ్ రాడార్ (తాను ప్రసారం చేయకుండా, ఇతర స్టేషన్ల సిగ్నళ్ల ప్రతిఫలనాలతో వస్తువులను గుర్తించే పద్ధతి) కోసం కొనేవాళ్లు గమనించాలి: ఆ కోడ్‌ని తయారీదారులు 2022 నవంబరులో తీసేశారు. రిపీటర్‌కి (సిగ్నల్‌ని అందుకుని తిరిగి ప్రసారం చేసే స్టేషన్‌కి) అడ్డం వస్తున్న సిగ్నల్‌నో, ఎక్కడో మైకు బటన్ ఇరుక్కుపోయి ఆగకుండా ప్రసారమవుతున్న సెట్‌నో తరచూ వెతకాల్సిన రేడియో క్లబ్బులు మాత్రం నిస్సందేహంగా తీసుకోవచ్చు, ఒకే పొడవున్న ఐదు కేబుళ్ల సెట్ ఒకటి అదనంగా.