కోఠీ వైద్య పుస్తకాల అంగళ్లు: ఒక పాత గిరాకీ మళ్ళీ వెళ్లి చూసిన వివరం

ఈ ఏడు ఉస్మానియా వైద్య కళాశాలలో సీటు వచ్చిన మా చెల్లెలి కూతురు, మొదటి సంవత్సరపు పుస్తకాలన్నీ ఫోనులోనే తెప్పించుకుంటానని చెప్పినప్పుడు, నేను పట్టుబట్టి ఒక శనివారం ఆమెను కోఠీకి తీసుకువెళ్లాను. 1996లో ఎంసెట్ రాసి అదే కళాశాలలో చేరిన నాకు అక్కడి పాత పుస్తకాల అంగళ్ల మీద ఉన్న మమకారం అందుకు ఒక కారణమైతే, అవి నేటి విద్యార్థికి నిజంగా పనికివస్తాయో లేదో తేల్చుకోవాలన్న కుతూహలం మరొక కారణం. కళాశాల పరిసరాల నుండి సుల్తాన్ బజార్ దాకా ఉన్న చిన్న దుకాణాలనూ, కాలిబాట మీద బల్లలు వేసుకున్న అంగళ్లనూ కలిపి ఒకే సంతగా లెక్కవేసి ఈ సమీక్ష రాస్తున్నాను. ఏ దుకాణం పేరూ చెప్పడం లేదు.

చేరుకోవడం ఇప్పుడు చాలా సులువు. 2018 సెప్టెంబరు నుండి మెట్రో రైలు కళాశాల పేరుతోనే ఉన్న స్టేషన్‌లో దింపుతున్నది. మా రోజుల్లో దిగవలసిన చోటు ‘కోఠీ ఆంధ్రా బ్యాంకు’. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా, పాతవాళ్ల నోట ఆ చోటు పేరు మారలేదు. ఆ బ్యాంకును 1923లో మచిలీపట్నంలో స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య వైద్యం చదివి వైద్యం చేసిన మనిషే. వైద్య విద్యార్థులు పుస్తకాల బేరానికి దిగే చోటుకు ఒక డాక్టరు పెట్టిన బ్యాంకు పేరే ఆనవాలు కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే తోస్తుంది.

నేను మొదటిసారి అక్కడ నిలబడిన రోజున నా దగ్గర ఉన్నది సీనియర్ ఒకరు చిత్తుకాగితం మీద రాసిచ్చిన జాబితా, నాన్నగారు లెక్కపెట్టి ఇచ్చిన డబ్బు మాత్రమే. ఇంకా ఏప్రన్ కూడా కుట్టించుకోని నన్ను అంగడి ఆయన “ఏం కావాలె డాక్టర్ సాబ్” అని పలకరించాడు. జీవితంలో ఆ పిలుపు విన్నది అదే మొదటిసారి. ఆ గౌరవానికి కరిగిపోయి నేను బేరమాడకుండా డబ్బు లెక్కపెట్టానని, హాస్టల్‌కు వెళ్లాక సీనియర్లు చెబితే గాని తెలియలేదు. 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌గా, ఉర్దూలో పాఠాలు చెబుతూ మొదలైన ఆ కళాశాల చుట్టూ పెరిగిన వీధి కనుక, అక్కడి బేరంలో ఉర్దూ, తెలుగు, లాటిన్ వైద్యపదాలు ఒకే వాక్యంలో ఇమిడిపోయేవి. ఏ సంపుటంలో ఏ అవయవం ఉందో, ఏ కూర్పులో ఏ అధ్యాయం చేర్చారో ఆ అంగడివారికి మాకంటే బాగా తెలుసు.

అప్పట్లో శరీరనిర్మాణ శాస్త్రం మూడు సంపుటాల పుస్తకం. మొదటిది చేతులు, ఛాతీ. రెండవది కాళ్లు, పొట్ట. మూడవది తల, మెడ, మెదడు. మొదటి సంపుటం ఎప్పుడూ నలిగిపోయి, అట్ట ఊడి, శవాలను కోసి చదివే డిసెక్షన్ హాలు ఫార్మలిన్ వాసనతో, పేజీల అంచులకు పసుపుపచ్చని కొవ్వు మరకలతో దొరికేది. మూడవది మాత్రం దాదాపు కొత్తదానిలా మెరిసేది. ఉత్సాహం చేతుల దగ్గర మొదలై మెడ దగ్గరకు వచ్చేసరికి పరీక్షలు ముంచుకువచ్చేవన్న సంగతి ఆ మూడు అట్టలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఎవరూ చెప్పనవసరం లేదు. నేను కొన్న మొదటి సంపుటాన్ని బల్ల మీద పెట్టి చేయి తీస్తే, అది తనంతట తాను బ్రాకియల్ ప్లెక్సస్ బొమ్మ దగ్గర తెరుచుకునేది. భుజం నుండి చేతికి దిగే ఆ నరాల చిక్కును నాకంటే ముందు చదివినవారు ఎన్నిసార్లు తెరిచి చూసి ఉంటారో ఆ వెన్నుకుట్టుకు తెలుసు.

ఆ అంగళ్లలో అమ్ముడుపోయే అసలు సరుకు ముందటి పాఠకుడి పెన్సిల్ రాతలని నేను గట్టిగా నమ్ముతాను. అచ్చులో ఉన్న విషయం కొత్త పుస్తకంలోనూ ఉంటుంది. కాని, “ఇది వైవాలో (మౌఖిక పరీక్షలో) తప్పక అడుగుతారు”, “ఎక్స్‌టర్నల్‌కు (బయటి నుండి వచ్చే పరీక్షకుడికి) ఇష్టమైన ప్రశ్న”, “ఇక్కడ బొమ్మ గీయకపోతే మార్కులు లేవు”, “ఈ రెండు పేజీలు వదిలేయి తమ్ముడూ” వంటి మాటలు ఏ ప్రచురణకర్తా అచ్చువేయడు. నా పుస్తకంలో ముగ్గురి దస్తూరీలు ఉండేవి. మొదటివారు స్కేలు పెట్టి గీతలు గీసే క్రమశిక్షణ గలవారు. రెండవవారు ప్రతి నరానికీ ఒక బండగుర్తు కట్టిన చమత్కారి, అందులో సగం ఇక్కడ రాయడానికి వీలులేనివి. మూడవవారు ఏమీ రాయకుండా, తమకు అర్థం కాని చోటల్లా ప్రశ్నార్థకం పెట్టి వెళ్లినవారు. ఆ ముగ్గురిలో నాకు అందరికంటే ఎక్కువ ధైర్యమిచ్చింది ఆ ప్రశ్నార్థకాల మనిషే. గజ్జల్లో ఉండే ఇంగువైనల్ కెనాల్ గోడలు ఎన్నిసార్లు చదివినా తలకెక్కని రాత్రుల్లో, ఆ పేజీ అంచున మరొకరి ప్రశ్నార్థకం కనిపిస్తే, హాస్టల్ గదిలో ఒంటరిగా లేనన్న భావం కలిగేది.

ఎముకలు మాత్రం ఈ అంగళ్లలో కొనలేదు. సగం బోన్ సెట్, అంటే పుర్రె, వెన్నుపూసలు, ఒక వైపు కాళ్లు చేతుల ఎముకలు, ఒక గోనెసంచిలో సీనియర్ నుండి జూనియర్‌కు చేతులు మారేవి. ఆ వ్యవహారం వేరే కథ.

ఇక నేటి సంగతి. బల్లలు ఉన్నాయి, పలకరింపు ఉంది, సరుకు మారింది. దీనికి ఫోను ఒక్కటే కారణం కాదన్నది నా అభిప్రాయం. మా బ్యాచ్‌కు మొదటి ఎం.బి.బి.ఎస్. ఏడాదిన్నర. 1997 నిబంధనలతో మా తర్వాతివారికి అది ఏడాదికి తగ్గింది. ఆరు నెలలు కోతపడినా శరీరంలో ఒక్క కండరమూ తగ్గలేదు కనుక, లావుపాటి పుస్తకాలను నింపాదిగా చదివి, అంచుల్లో రాసుకునే తీరిక అక్కడే పోయింది. 2019లో పాఠ్యక్రమమే కొత్తరూపు దాల్చింది. ఆ మూడు సంపుటాల పుస్తకం ఇప్పుడు నాలుగు సంపుటాలైంది. అంగళ్లలో ముందువరుసను పీజీ ప్రవేశపరీక్షల ప్రశ్నల పుస్తకాలు ఆక్రమించాయి. నేను తెరిచిచూసిన పాత పుస్తకాల్లో చాలావాటికి పేజీలు కూడా సరిగా విడిపోలేదు. మొదటి ఇరవై పేజీల వరకు మెరుపురంగు హైలైటర్ పూసి, ఆ తర్వాత ముట్టుకోని పుస్తకాలు అవి. వాటిని పాత పుస్తకాలనడం కంటే చదవని పుస్తకాలనడమే న్యాయం. అయినా వెతికితే మంచివి దొరుకుతాయి. మేము గంటకు పైగా వెతికాము.

కొనదలచినవారు సబ్జెక్టును బట్టి నిర్ణయించుకోవాలి. శరీరనిర్మాణ శాస్త్రానికి పాత పుస్తకం నిశ్చింతగా తీసుకోవచ్చు. 1858లో లండన్‌లో వెలువడిన ‘గ్రేస్ అనాటమీ’కి బొమ్మలు గీసిన హెన్రీ వాన్‌డైక్ కార్టర్ ఆ ఏడే బొంబాయికి వచ్చి గ్రాంట్ మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఆయన గీసిన ఎముక నేటికీ అదే ఎముక. శరీరధర్మ శాస్త్రానికి ఒకటి రెండు కూర్పుల వెనుకటిది పరవాలేదు. శస్త్రచికిత్సకు వచ్చేసరికి జాగ్రత్తపడాలి. పాత సర్జరీ పుస్తకాలు కడుపులో పుండుకు నరం కోసే వేగాటమీని ఎంతో శ్రద్ధగా వర్ణించేవి, మేమూ అంతే శ్రద్ధగా బట్టీపట్టాము. ఆ పుండ్లలో అధికభాగానికి హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి కారణమని చూపినవారికి 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రోగులకు ఈనాడు మందులతోనే నయమవుతున్నది. ఔషధ శాస్త్రం, సామాజిక వైద్యం మాత్రం పాతవి కొననే కొనవద్దు. క్షయకు వారంలో మూడు రోజులు మందులివ్వాలని నేను చదువుకున్నాను. 2017 నుండి దేశమంతటా ప్రతిరోజూ ఇస్తున్నారు. పాత పుస్తకంలో ఆ పేజీకి పక్కన ఎంత చక్కని పెన్సిల్ గీత ఉన్నా, ఆ గీత విద్యార్థిని తప్పుదారి పట్టిస్తుంది. జనరల్ మెడిసిన్‌కూ ఇదే మాట. అంగడివారు ఈ తేడాను తమంతట తాము చెప్పరు. కూర్పు సంఖ్య అడిగితే మాత్రం అబద్ధమాడరు.

లోపాలు చెప్పకపోతే సమీక్ష అనిపించుకోదు. రెండవ సంవత్సరంలో నేను కొన్న ఔషధ శాస్త్ర పుస్తకంలో యాంటీబయాటిక్స్ భాగంలో పదహారు పేజీలు లేవు, వాటి బదులు అంతకుముందటి పదహారు పేజీలే మళ్ళీ కుట్టి ఉన్నాయి. తిరిగి తీసుకువెళితే, “అమ్మేటప్పుడు మంచిగనే ఉండె సాబ్” అని ఆ దుకాణదారు చేతులు దులుపుకున్నాడు. ఆ పేజీలను స్నేహితుడి పుస్తకం నుండి చేతితో రాసుకోవలసివచ్చింది. ఆ అధ్యాయం ఇప్పటికీ గుర్తుండడానికి ఆ శిక్షే కారణమని ఒప్పుకుంటాను గాని, దుకాణదారును మాత్రం క్షమించలేదు. ఈసారి కూడా ఒకచోట దొంగ అచ్చు పుస్తకాన్ని అసలుదని చెప్పి అంటగట్టబోయారు. రంగు బొమ్మల్లో ధమని ఎరుపూ సిర నీలమూ రెండూ ఒకే మట్టిరంగులో కనిపిస్తే అది దొంగ అచ్చేనని గ్రహించి, పుస్తకాన్ని బల్ల మీద పెట్టి వచ్చేయాలి. డబ్బు ఇవ్వకముందే పేజీల సంఖ్యలు వరుసగా చూసుకోవడం, రంగు పేజీలు విప్పిచూడడం, చివరి అట్ట లోపల పెన్సిల్‌తో రాసిన ధరను చదవడం తప్పనిసరి. ఆ ధర అంగడివారు తమకోసం రాసుకున్నది కనుక, బేరం అక్కడి నుండి మొదలుపెట్టాలి.

మేము నాలుగు సంపుటాలకు వారు చెప్పిన 1,800 రూపాయలను 1,300కు దింపి కొన్నాము. బేరమాడింది నేను కాదు, “డాక్టర్ సాబ్” అన్న పిలుపుకు ఏమాత్రం చలించని మా మేనకోడలు. మొదటి సంపుటంలో ఎవరో అమ్మాయి గుండ్రని తెలుగు దస్తూరీతో అంచులన్నీ నింపింది. ఆ ఒక్కదానికే ఆ డబ్బు చెల్లిపోయిందని నా లెక్క. పరీక్ష గట్టెక్కాక తెచ్చి ఇస్తే సగం ధరకు తీసుకుంటామని, కాని పెన్ను గీతలూ పేర్లూ ఉంటే ఇంకా తగ్గుతుందని అంగడి ఆయన మరీమరీ చెప్పాడు.

తిరుగు మెట్రోలో కూర్చోగానే ఆమె సంచిలోంచి మొదటి సంపుటం తీసి, లోపలి అట్ట మీద నీలం పెన్నుతో తన పేరు రాసుకుంది. ధర తగ్గిపోతుందని గుర్తుచేశాను. “నేను అమ్మితే కదా మామయ్యా” అన్నది. నా మూడు సంపుటాల మీద కూడా నా పేరు పెన్నుతోనే ఉండేది. 1998లో పాథాలజీ పుస్తకానికి డబ్బు చాలక వాటిని అదే కాలిబాట మీద, సగానికి కూడా కాదు, మూడోవంతు ధరకు అమ్ముకున్నాను.