బెంగళూరు జేసీ రోడ్డులో వీల్ స్పేసర్లు: ఏవి కొనొచ్చు, ఏవి వద్దు

చక్రాన్ని కాస్త బయటికి జరపడానికి హబ్‌కూ (చక్రాన్ని బిగించే భాగం) చక్రానికీ మధ్య పెట్టే లోహపు బిళ్లే వీల్ స్పేసర్. జేసీ రోడ్డులో దాన్ని అడగ్గానే షాపువాళ్ల నోట వచ్చే మొదటి మాట "ఎన్ని మిల్లీమీటర్లు కావాలి?" అని. అది చివర తేలాల్సిన లెక్క. ముందు తేలాల్సినవి రెండున్నాయి. హబ్ మధ్యలో పొడుచుకొచ్చిన గుండ్రటి అంచు (హబ్ లిప్) స్పేసర్ రంధ్రంలో ఆట లేకుండా కూర్చుంటుందా? స్పేసర్ పడ్డాక నట్టుకు ఎన్ని చుట్లు మిగులుతాయి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పలేని స్పేసర్ ఎంత అందంగా మెరిసినా కొనకూడదు. బెంగళూరులో చేతికి దొరికే రకాలను ఆ లెక్కలోనే చూద్దాం.

కౌంటర్ మీద ఎక్కువగా కనిపించేది యూనివర్సల్ పోత స్పేసర్. నట్ల కోసం గుండ్రటి రంధ్రాలకు బదులు పొడవాటి గాట్లు ఉంటాయి కాబట్టి 4×100కీ 4×114.3కీ (నట్ల సంఖ్య × నట్లున్న వృత్తం వ్యాసం మి.మీ.లో, అంటే పీసీడీ) ఒకటే సరిపోతుందని అమ్ముతారు. మధ్య రంధ్రం మాత్రం అన్ని కార్లకూ పట్టాలని చాలా పెద్దగా పెడతారు. స్విఫ్ట్, ఐ20, ఇటియోస్ హబ్బులు 54.1 మి.మీ., హోండా సిటీది 56.1, పోలోది 57.1. వీటి మీద డెబ్బై మి.మీ. దాటిన రంధ్రం వేస్తే చుట్టూ ఖాళీయే. ఇక చక్రాన్ని మధ్యకు తెచ్చే పని నట్ల శంఖు ఆకారమే చెయ్యాలి. బిగించే మనిషి ఒక నట్టును ముందే గట్టిగా లాగేశాడంటే చక్రం ఆ పక్కకు జరిగి అక్కడే ఉండిపోతుంది. తర్వాత 80 కి.మీ. వేగం దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఆ వణుకు పోదు. బ్యాలెన్సింగ్ యంత్రం మీద చక్రం సరిగ్గానే ఉంటుంది, కారు మీదే మధ్య తప్పుతుంది. గాట్ల వల్ల స్పేసర్‌లో లోహమూ తగ్గుతుంది, నట్ల చుట్టూ ఒత్తిడి పడే చోటే సన్నబడుతుంది. ఈ రకం ఏ కారుకూ వద్దు, ధర ఎంత తక్కువైనా సరే.

రెండోది 3, 5 మి.మీ. పలుచటి బిళ్ల. ఇది పూర్తిగా తీసిపారేసేది కాదు. వెడల్పు టైరు వేశాక లోపలి వైపు స్ట్రట్‌కు (సస్పెన్షన్ స్తంభం) రాసుకుంటున్నా, అలాయ్ చువ్వలు బ్రేక్ క్యాలిపర్‌కు తగులుతున్నా ఈ కొద్ది మందమే చాలు. కానీ ఇక్కడ చుట్ల లెక్క తప్పనిసరి. నట్టు మర మీద కనీసం బోల్టు వ్యాసమంత లోతు ఎక్కాలి. ఎం12 × 1.5 స్టడ్‌కు (హబ్‌లోంచి పొడుచుకొచ్చిన మర కడ్డీ; వ్యాసం 12 మి.మీ., మరల మధ్య దూరం అంటే పిచ్ 1.5 మి.మీ.) అది 8 చుట్లు. ఎం12 × 1.25కి దాదాపు 10, ఎం14 × 1.5కి తొమ్మిదికి పైనే. స్పేసర్ లేకుండా చక్రం పెట్టి, నట్టును చేత్తో మొదటి మర పట్టిన దగ్గర్నుంచి చివరిదాకా తిప్పుతూ లెక్కపెట్టండి. 1.5 పిచ్ మీద 12 చుట్లు వచ్చాయనుకోండి, 5 మి.మీ. బిళ్ల వేస్తే మూడు చిల్లర పోయి ఎనిమిదికి కొంచెం పైన మిగులుతాయి, నడుస్తుంది. మొదట్లోనే 10 చుట్లు వస్తే అదే బిళ్లతో ఆరున్నరకు దిగుతుంది, వద్దు. మూత ఉన్న నట్లయితే లోపల స్టడ్ కొస అడుక్కి తగిలి ఆగిందా, చక్రం మీద కూర్చుని ఆగిందా అన్నది కూడా గమనించాలి. అడుక్కి తగిలి ఆగిన నట్టు బిగిసినట్టే ఉంటుంది, చక్రాన్ని మాత్రం పట్టుకోదు.

ఈ బిళ్లలతో ఇంకో చిక్కు, హబ్ లిప్‌లో సగాన్ని ఇవే తినేస్తాయి. చక్రం కూర్చోవడానికి రెండు మూడు మి.మీ. అంచు కూడా మిగలకపోతే మళ్లీ మొదటి రకం కథే. అందుకే 8, 10 మి.మీ. మందం అన్నిటికన్నా ఇబ్బందికరమైనది. హబ్ లిప్ మొత్తం కప్పేస్తుంది, తనకంటూ కొత్త లిప్ చెక్కుకోవడానికి మందం చాలదు. చాలా కార్లకు సొంత లిప్ ఉన్న స్పేసర్ 12 మి.మీ. దగ్గరే మొదలవుతుంది.

ఒక మాట సరిచెయ్యాలి. బండి బరువంతా హబ్ లిప్పే మోస్తుందని చాలామంది మెకానిక్కులు చెబుతారు. బరువు మోసేది నట్ల బిగింపు. ఆ బిగింపు వల్ల హబ్, స్పేసర్, చక్రం ముఖాలు ఒకదాన్నొకటి నొక్కుకుని, ఆ రాపిడే చక్రాన్ని జారనివ్వదు. లిప్ పని చక్రాన్ని సరిగ్గా మధ్యలో నిలబెట్టడం. అందుకే ముఖాల మధ్య పెయింటు, తుప్పు, మట్టి ఉండకూడదు. స్పేసర్‌కు మందంగా రంగు పూసి ఉంటే కొన్నాళ్లకు ఆ రంగు నలిగి, నట్లలో బిగువు తగ్గిపోతుంది. యానోడైజింగ్ అయితే ఫర్వాలేదు.

మూడోది 12 నుంచి 20 మి.మీ. దాకా వచ్చే, సొంత లిప్ ఉన్న స్పేసర్, దానికి తగ్గ పొడవాటి బోల్టులతో. పోలో, వెంటో లాంటి 5×100 బండ్లకు అన్నిటికన్నా మంచిది ఇదే. వాటి హబ్బులకు స్టడ్లుండవు, ఎం14 × 1.5 బోల్టులే. కాబట్టి పొడవైన బోల్టు మార్చడం తేలిక. స్పేసర్ ఎంతో బోల్టు సరిగ్గా అంత పెరగాలి. పాత బోల్టు మర పొడవు 27 మి.మీ. ఉంటే 15 మి.మీ. స్పేసర్‌కు 42 తీసుకోవాలి. 50ది తీసుకుంటే ఇంకా గట్టి అనుకోవద్దు. వెనక డ్రమ్ములో కొస లోపలికి పొడుచుకుపోయి బ్రేక్ షూలకు తగులుతుంది. బిగించాక చక్రాన్ని చేత్తో రెండు చుట్లు తిప్పి, గీసుకునే చప్పుడు లేదని తేల్చుకున్నాకే జాకీ దించాలి. బోల్టు తల మీద 10.9 (బలం తరగతి) అని అచ్చు ఉండాలి. తల కింది ఆకారం కూడా చూడాలి. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ చక్రాలకు గుండ్రటి సీటు, బయటి అలాయ్‌లకు ఎక్కువగా 60 డిగ్రీల శంఖు సీటు. ఒకదాని బోల్టు ఇంకోదానికి వేస్తే సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది, నడిచిన కొద్దీ వదులవుతుంది.

ఎచ్ అండ్ ఆర్, ఐబాఖ్ లాంటి జర్మనీ కంపెనీలవి తెప్పించుకోగలిగితే కొలతల గురించి బెంగ ఉండదు. టీయూవీ (జర్మనీ భద్రతా తనిఖీ సంస్థ) పత్రంలో ఏ కారుకు, ఏ బోల్టు, ఎంత మందం అన్నది రాసి ఉంటుంది. ఆ పత్రం మన ఆర్టీవో దగ్గర చెల్లదు, కొలతలకు మాత్రం నమ్మకమైన ఆధారం.

స్విఫ్ట్, ఐ20 లాంటి స్టడ్ బండ్లకు ఇదే రకం వెయ్యాలంటే పాత స్టడ్లు కొట్టి తీసి పొడవాటివి ఎక్కించాలి. స్టడ్ మెడ దగ్గర గాట్లున్న భాగం వ్యాసం పాతదానితో సమానంగా ఉండాలి. వదులైతే నట్టుతో పాటు స్టడ్డూ తిరుగుతుంది. సుత్తితో బాదే చోట చేయించొద్దు, ఆ దెబ్బలన్నీ బేరింగ్‌కే తగులుతాయి. హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న చోటే చేయించాలి. ఇంత ఖర్చూ శ్రమా పెట్టే బదులు తక్కువ ఆఫ్‌సెట్ (చక్రం మధ్య గీత నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎంత బయటికుందో చెప్పే ఈటీ అంకె) ఉన్న అలాయ్ కొనుక్కోవడమే మేలు. ఈటీ45 చక్రం వెనక 15 మి.మీ. స్పేసర్ పెడితే వచ్చేది ఈటీ30. అదే ఈటీ30 చక్రం నేరుగా దొరుకుతున్నప్పుడు మధ్యలో ఇంకో అతుకు ఎందుకు?

నాలుగోది బోల్ట్-ఆన్. స్పేసర్‌ను కారు స్టడ్లకు దాని నట్లతో బిగించి, స్పేసర్‌కున్న వేరే స్టడ్లకు చక్రం బిగిస్తారు. థార్, జిమ్నీ, ఫార్చ్యునర్ వాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. 20 మి.మీ. కన్నా తక్కువైతే లోపలి నట్టు కూర్చోవడానికి చోటుండదు. మందం 20 అయి, కారు స్టడ్ 27 ఉందనుకోండి, 7 మి.మీ. కొస స్పేసర్ ముఖం దాటి బయటికొస్తుంది. చాలా అలాయ్ చక్రాల వెనక రంధ్రాల మధ్య గుంటలుంటాయి, ఆ కొసలు వాటిలో దూరిపోతాయి. ఇనప చక్రానికి గుంటలుండవు, చక్రం కొసల మీదే నిలబడుతుంది. అలా నిలబడ్డ చక్రం ఊడడానికి ఎక్కువ దూరం పట్టదు. స్టడ్ కొసలు కోయించే ఆలోచన కూడా వద్దు, రేపు స్పేసర్ తీసేస్తే మామూలు చక్రానికి చుట్లు చాలవు.

జిమ్నీ 5×139.7, హబ్ 108 మి.మీ. ఫార్చ్యునర్ 6×139.7, హబ్ 106.1. పీసీడీ అంకె రెండింటిలో ఒకటే కదా అని షాపులో కలగాపులగం చేస్తారు. నట్ల సంఖ్య, రంధ్రం వేరు. జిమ్నీ మర 1.25 పిచ్, ఫార్చ్యునర్‌ది 1.5. పెట్టె మీద రాసింది చదవడం కాదు, వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పెట్టి చూడాలి.

వెర్నియర్ అన్నాం కాబట్టి కౌంటర్ దగ్గరే చెయ్యాల్సిన పరీక్ష చెబుతాం. మందాన్ని నాలుగు చోట్ల కొలవండి. తేడా 0.05 మి.మీ. మించితే పక్కన పెట్టండి. షోకేస్ అద్దం మీద బోర్లించి అంచు నొక్కితే కదలకూడదు. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, రంధ్రాల్లో సూది గుచ్చినట్టు చుక్కలు కనిపిస్తే అది పోత. 6061-టీ6 గానీ 7075-టీ6 గానీ అల్యూమినియం దిమ్మె నుంచి చెక్కినవే కావాలి. షాపులో "ఏం కాదు సార్, అందరూ వేస్తున్నారు" అంటారు. కొలవనివ్వని షాపులో కొనొద్దు.

బెంగళూరులో ఉన్న పెద్ద వసతి పీణ్య. అక్కడి సీఎన్‌సీ షెడ్లలో గీసిన బొమ్మ, కొలతలు ఇస్తే నాలుగు స్పేసర్లకైనా పని పట్టేవాళ్లు దొరుకుతారు. బజారులో మీ హబ్బుకు సరిపడేది లేకపోతే ఇదే దారి. బొమ్మలో రాయాల్సినవి: 6061-టీ6 దిమ్మె, మిల్ సర్టిఫికెట్‌తో (లోహం తయారుచేసినవాళ్లు ఇచ్చే పత్రం), లోపలి రంధ్రం హబ్ కొలత కన్నా 0.05 ఎక్కువ, బయటి లిప్ చక్రం రంధ్రం కన్నా 0.1 తక్కువ, రెండు ముఖాల సమాంతరం 0.05 లోపు, హబ్ వైపు రంధ్రం అంచున ఒక మి.మీ. వాలు. ఈ వాలు మరిచిపోతే హబ్ మూల తగిలి స్పేసర్ పూర్తిగా ఆనదు, బిగించేవాడికి తెలియదు కూడా. హబ్ కొలత ఇంటర్నెట్‌లో చూసి ఇవ్వకండి, తుప్పు గీకి కొలిచి ఇవ్వండి. బయటి అలాయ్‌ల రంధ్రం 73.1 ఉండి హబ్ మీద ఆ ఖాళీ నింపే రింగు వాడుతుంటే, లిప్‌ను పాత హబ్ కొలతకే చెక్కించి ఆ రింగును దాని మీదకు మార్చుకోవచ్చు.

మందం ఇప్పుడు తేల్చుకోండి. ఫెండర్ అంచు నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీస్తే టైరు పక్క గోడకూ దారానికీ మధ్య ఎంత ఉందో తెలుస్తుంది. అందులోంచి కనీసం 5 మి.మీ. వదిలేసి మిగతాది వాడుకోవాలి. ఖాళీ బండి మీద కొలిచింది చాలదు. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీ నిండా సామానుతో స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు చక్రం ఎంత పైకొస్తుందో అదే అసలు కొలత. ముందు చక్రాలకు స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఫెండర్ లోపలి లైనర్‌కు టైరు తగలడం లేదని చూడాలి. ఒకే యాక్సిల్‌కు రెండు వైపులా ఒకే మందం. ముందు కన్నా వెనక కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు.

బదులుగా పోయేవీ ఉన్నాయి. చక్రం బయటికి జరిగిన కొద్దీ బేరింగ్ మీద వంపు ఒత్తిడి పెరుగుతుంది, హూంకరించే శబ్దం తొందరగా మొదలవుతుంది. స్టీరింగ్ గుంతల అంచులకు లాగుతుంది. ఒక పక్క ఇసుక, ఒక పక్క తారు ఉన్నచోట బ్రేకు తొక్కితే బండి పక్కకు గుంజుతుంది. వెడల్పుగా నిలబడ్డందుకు మలుపుల్లో ఒరగడం కాస్త తగ్గుతుంది. మన రోడ్లకు ముందు చక్రాల దగ్గర 15 మి.మీ. దాటకపోవడం మంచిది.

చట్టం సంగతి కూడా తెలిసే వేయించుకోవాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగానే చెప్పింది. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపకుండా వేస్తే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

బిగింపుకు ఎయిర్ గన్ ముట్టనివ్వకండి. హబ్ ముఖాన్ని ఇనప బ్రష్షుతో తెల్లగా రుద్ది, లిప్ మీద మాత్రం వేలితో పలుచగా యాంటీ సీజ్ (లోహాలు అతుక్కుపోకుండా రాసే పూత) రాసి, మరలను పొడిగానే ఉంచాలి. నట్లను ఎదురెదురుగా రెండు విడతల్లో బిగించి చివర టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లోని అంకెకు తేవాలి. పోలోకు అది 120 న్యూటన్ మీటర్లు. బోల్ట్-ఆన్ అయితే లోపలి నట్లకూ ఇదే క్రమం. 50 నుంచి 100 కి.మీ. నడిచాక, చక్రాలు చల్లారాక మళ్లీ చూడాలి. బోల్ట్-ఆన్‌లో లోపలి నట్ల కోసం చక్రం విప్పక తప్పదు, చాలామంది ఎగ్గొట్టేది ఇక్కడే. సంక్రాంతికి అనంతపురమో కడపో బయలుదేరే ముందు రోజు వేయించుకోవద్దు. ఊళ్లోనే వారం తిప్పి, మళ్లీ బిగించి, ఆ తర్వాతే హైవే ఎక్కండి.

పాత పొట్టి బోల్టులు డిక్కీలోనే ఉంచండి. పంచరై స్పేసర్ తీసేసి స్టెప్నీ వెయ్యాల్సి వస్తే పొడవాటివి పనికిరావు. పంచర్ షాపులో స్పేసర్ ఉందని ముందే చెప్పండి, లేకపోతే కింద పడేసి మట్టితో అలాగే తగిలిస్తారు. వానాకాలం దాటాక ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించాలి. ఇనప హబ్‌కు అల్యూమినియం అతుక్కుపోయి రాకపోతే ఉలి దూర్చొద్దు, చెక్క సుత్తితో చుట్టూ తడుతూ తిప్పితే వదులుతుంది.