ఎత్తు ప్రాంతాల్లో హార్ట్ రేట్ జోన్లు: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

1,800 నుంచి 2,500 మీటర్ల ఎత్తులో ట్రైనింగ్‌కి ఐదు జోన్ల పద్ధతినే (గుండె వేగాన్ని అతి తేలికైన జోన్ 1 నుంచి అతి తీవ్రమైన జోన్ 5 దాకా విడగొట్టేది) చాలాకాలంగా వాడుతున్నాను. తేలిక పరుగులకు దీన్ని మించింది లేదు. ఇంటర్వెల్స్‌కు (మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ మళ్లీ మళ్లీ వేగంగా పరిగెత్తే ముక్కలకు) మాత్రం నమ్ముకుంటే ముంచుతుంది.

2,400 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో ముప్పావు వంతే. పైగా మొదటి రోజుల్లో రక్తంలో ప్లాస్మా (ద్రవ భాగం) తగ్గుతుంది. దాంతో అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. కింద 140 దగ్గర హాయిగా సాగే పరుగు పైన 150 దాటడం మామూలే. పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం) చూసుకుంటూ పోతే తెలియకుండానే జోన్ 3లో పడతారు, వారం తిరిగేసరికి కాళ్లలో సత్తువ ఉండదు. అందుకే పేస్ సంగతి మరిచిపోయి జోన్ 2 పై హద్దు దాటకుండా చూసుకోవాలి. కిలోమీటరుకు 20–30 సెకన్లు ఆలస్యమైతే అవనివ్వండి. వాచీ "మీ ఫిట్‌నెస్ పడిపోతోంది" అని గోల పెడుతుంది, పట్టించుకోకండి.

జోన్ 4, 5 దగ్గర కథ తిరగబడుతుంది. ఎత్తులో గరిష్ఠ హార్ట్ రేటే కొంత తగ్గుతుంది కాబట్టి కింద లెక్కగట్టిన అంకె పైన అందదు. దాన్ని అందుకోవాలని తరిమితే మూడో రిపీట్‌కే చేతులెత్తేస్తారు. 1000 మీటర్ల రిపీట్లను 400లుగా విరగ్గొట్టి, విశ్రాంతి సగం పెంచి, శ్రమ పదికి ఎనిమిది అనిపించేలా పరిగెత్తడమే మేలు. 200 మీటర్లకు వేగం తగ్గించనక్కర్లేదు, విశ్రాంతి రెట్టింపు చేస్తే చాలు.

పది రోజుల తర్వాత జోన్లు మళ్లీ కట్టుకోవాలి: ఒకదానికంటే ఒకటి వేగంగా నాలుగేసి నిమిషాల ఐదారు మెట్లు పరిగెత్తి, ఒక్కో మెట్టు చివర వేలి నుంచి రక్తపు చుక్క తీసి లాక్టేట్ (శ్రమ పెరిగేకొద్దీ రక్తంలో పెరిగే పదార్థం) కొలవాలి. మొదటి వారంలో ఈ టెస్టు దండగ. వేలికి చెమట అంటితే రీడింగ్ లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది. కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మొదటి చుక్క తుడిచేసి రెండోది స్ట్రిప్‌కు అందించండి. స్ట్రిప్పుల డబ్బాను లోపలి జేబులో పెట్టుకోండి, చలికి అవి తప్పు చెబుతాయి. మణికట్టు సెన్సార్ కూడా అంతే. చలికి రక్తనాళాలు ముడుచుకుంటే అది తోచిన అంకె వేస్తుంది, ఛాతీ బెల్టు తప్పనిసరి.

ఉదయం లేవగానే విశ్రాంతి పల్స్ చూడండి. వరుసగా రెండు రోజులు ఆ ఎత్తులో మీ మామూలు అంకెకు 8–10 ఎక్కువుంటే, ఆ రోజు ప్లాన్‌లో ఏముందన్నది పక్కన పెట్టి జోన్ 1తో సరిపెట్టుకోండి.