గండికోటలో నూట నలభై ఫోటోలు, జమ్మలమడుగులో ఒక్కటి

మొన్న డిసెంబర్‌లో అమ్మానాన్నలను తీసుకుని గండికోట, బెలూం గుహలు చూసొచ్చాం. ఒక్క గండికోటలోనే 140 ఫోటోలు తీశాను, తిరిగొచ్చాక వాటిలో ఒక్కటి కూడా మళ్ళీ తెరవలేదు. లోయ బాగాలేదని కాదు. ఎర్రమల కొండల్ని పెన్నా నిలువునా కోసుకుంటూ పోయింది, అటూ ఇటూ ఎర్రటి బండలు ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టుంటాయి, ఎదురుగా నిలబడితే కాసేపు మాట రాదు. కానీ ఫోటోకి బాగుంటుందని అంచున ఒక బండ దగ్గర అందరూ వరస కడతారు. నేనూ ఇరవై నిమిషాలు ఆగి తీయించుకున్నా. తీరా చూస్తే ఇంటర్నెట్‌లో ఉన్న ఫోటోకీ నాదానికీ తేడా చొక్కా రంగే!

బస సంగతి చెప్పాలి. కోట దగ్గర టూరిజం వాళ్ళ హరిత హోటల్ ఉంది కానీ మాకు గదులు దొరకలేదు. టెంట్లో పడుకుందామంటే అమ్మకు మోకాళ్ళ నొప్పులు. దాంతో 15 కిలోమీటర్ల దూరంలో జమ్మలమడుగులో ఒక లాడ్జిలో దిగాం. వేడినీళ్ళు ఉంటాయన్నారు, తెల్లారి అడిగితే ఒక్క బకెట్ ఇచ్చారు, నలుగురికి! సూర్యోదయం చూడాలనుకుంటే మాత్రం కోట దగ్గరే ఉండండి, చీకట్లో ఆటో కోసం మేం పడ్డ టెన్షన్ మీకొద్దు.

కోటలో మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ నడిచి చూసేయొచ్చు. బెలూం గుహల పొడవు 3,229 మీటర్లట, మనల్ని వెళ్ళనిచ్చేది అందులో సగం దాకా. లోపల ఉక్కకి అమ్మ మధ్యలోనే వెనక్కి వచ్చేసింది. అక్కడి ఫోటోలన్నీ పసుపు లైట్లే.

ఇక ఆ ఒక్క ఫోటో. కోటలో రాళ్ళ మీద నడుస్తుంటే అమ్మ చెప్పు తెగింది. నాన్న తన చెప్పులు ఆమెకిచ్చి, జమ్మలమడుగు చేరేదాకా ఉత్త కాళ్ళతోనే ఉన్నారు. బస్టాండ్ దగ్గర ఉగ్గాని బజ్జీ తినడానికి కూర్చున్నాం. నాన్న కుడిచేత్తో ఉగ్గాని తింటూ, ఎడమచేత్తో ఆ తెగిన చెప్పు పట్టుకుని, ఏ పిన్నీసు పెడితే ఆగుతుందా అని తీక్షణంగా చూస్తున్నారు. అమ్మ పక్కనుంచి "పారేయండి బాబూ, అందరూ చూస్తున్నారు" అంటోంది. అప్పుడు తీశా. కాస్త షేక్ అయింది, వెనక సగం బస్సు చక్రం పడింది, నాన్న తల పైన కొంచెం తెగింది కూడా.

ఇది గండికోట ఫోటో అని ఎవరూ చెప్పలేరు, మా వీధి చివర టిఫిన్ బండి దగ్గర తీసినా ఇలాగే ఉండేది. మా తమ్ముడు చూసి "ఇదేం ఫోటోరా, లోయది పెట్టు" అన్నాడు. వాడు ఆ రోజు మాతో రాలేదు, వాడికి అందులో చెప్పే కనిపిస్తుంది. నాకు మాత్రం పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళయినా కొత్త చెప్పులు కొనకుండా పాతవాటికి పిన్నీసు వెతికే మనిషి, ఆయన్ని విసుక్కుంటూనే ఆయన చెప్పులేసుకుని కూర్చున్న మనిషి కనిపిస్తారు.

అమ్మ ఇంకా డిలీట్ చెయ్యమని అడుగుతూనే ఉంది. చెయ్యలేదు. అన్నట్టు, గండికోట వెళ్ళేవాళ్ళు షూ వేసుకెళ్ళండి.