రెండో సీపీయూ కేబుల్: రెండేళ్ల వాడకం తర్వాత

కొత్త ఇళ్ల ఎలివేషన్లకు త్రీడీ చిత్రాలు తయారుచేయడం నా వృత్తి. పడుకునే ముందు రెండరింగ్ (కంప్యూటర్ ఆ చిత్రాలకు తుదిరూపం ఇచ్చే పని) మొదలుపెడితే తెల్లవారేదాకా ప్రాసెసర్‌కు ఊపిరి ఆడదు. ఆ పని కోసమే 2023లో రైజెన్ 9 7950ఎక్స్ కొన్నాను. దానికి తెచ్చిన మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కరెంటుకు ఎనిమిది పిన్నుల సాకెట్లు రెండు ఉన్నాయి. కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె, నా పాత ఎస్ఎంపీఎస్‌కు మాత్రం సీపీయూ (ప్రాసెసర్) కేబుల్ ఒక్కటే. రెండో సాకెట్ ఖాళీగా కనిపిస్తుంటే మనసొప్పలేదు. దుకాణంలో అడిగితే, రెండు మోలెక్స్‌లను (పాత హార్డ్ డిస్కులకు కరెంటిచ్చే నాలుగు పిన్నుల ప్లగ్గులు) కలిపి ఎనిమిది పిన్నులుగా మార్చే కన్వర్టర్ ఇచ్చారు. తెచ్చి తగిలించాను.

అదే పొరపాటు. ఐదో నెలలో ఒక రాత్రి ప్లాస్టిక్ కమిలిన వాసనకు మెలకువ వచ్చింది. స్విచ్ కట్టేసి క్యాబినెట్ తెరిచాను. తెల్లటి మోలెక్స్ పసుపు తీగ ఉన్న మూల మాత్రమే గోధుమరంగుకు తిరిగింది. గోరుతో నొక్కితే మెత్తగా దిగింది. పక్కనే ఉన్న నల్ల తీగల వైపు కొత్తదానిలాగే ఉంది. ఎనిమిది పిన్నుల సీపీయూ కేబుల్‌లో 12 వోల్టుల తీగలు నాలుగు. మోలెక్స్‌లో ఒక్కటే. నేను తగిలించిన రెండు మోలెక్స్‌లూ ఒకే తీగ మీద వరుసగా ఉన్నవి కాబట్టి, ఎస్ఎంపీఎస్ నుంచి మొదటి మోలెక్స్ దాకా కన్వర్టర్ భారమంతా ఆ ఒక్క పసుపు తీగ మీదే. దానికి తోడు పిన్ను కాస్త వదులుగా ఉన్నట్టుంది. సాటా (ఇప్పటి హార్డ్ డిస్కుల కరెంటు ప్లగ్గు) నుంచి మార్చే కన్వర్టర్లు ఇంతకంటే ప్రమాదం. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లే.

ఆ వారంలోనే రెండు సీపీయూ కేబుళ్లతో వచ్చే 850 వాట్ల మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగలిగే) ఎస్ఎంపీఎస్ తెచ్చాను. ఇప్పటికి రెండేళ్లు దాటింది.

ముందే చెప్పేస్తాను, రెండో కేబుల్ వల్ల వేగం పెరగదు. ఒక్క కేబుల్‌తో నడిపినా, రెండిటితో నడిపినా అదే దృశ్యం అదే సమయానికి పూర్తయింది. ఈ ప్రాసెసర్‌కు దాని తయారీ కంపెనీ ఏఎండీ పెట్టిన పరిమితి 230 వాట్లు. మదర్‌బోర్డులో వృథా అయ్యేది కలిపి 250 అనుకుంటే, 12 వోల్టుల దగ్గర దాదాపు 21 ఆంపియర్లు. ఒక్క కేబుల్ అయితే పిన్నుకు అయిదు ఆంపియర్ల పైచిలుకు. మంచి కేబుల్ దాన్ని సునాయాసంగా మోస్తుంది. రెండోది కలిపితే అందులో సగం. కరెంటు సగమైతే పిన్ను దగ్గర పుట్టే వేడి పావు వంతుకు పడిపోతుంది. రాత్రంతా నడిచే నా పనికి కావలసింది అదే. 88 వాట్లు దాటని రైజెన్ 5 7600 లాంటిదానికి రెండో కేబుల్ కోసం ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి.

బిగించడమే కాస్త కష్టం. సాకెట్లు మదర్‌బోర్డు ఎడమ పైమూలలో, ఫ్యానుకూ హీట్‌సింక్‌కూ మధ్య ఇరుకులో ఉంటాయి. కూలర్ పెట్టకముందే కేబుళ్లను వెనక నుంచి లాగి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కాలి. నా కేబుళ్లన్నీ నల్లవే, రంగు చూసి గుర్తుపట్టలేం. తల 4+4గా చీలితే సీపీయూది, 6+2గా చీలితే గ్రాఫిక్స్ కార్డుది. సీపీయూ కేబుల్‌లో క్లిప్పు వైపు 12 వోల్టులు, గ్రాఫిక్స్ కేబుల్‌లో క్లిప్పు వైపు గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే తీగలు). ఒకదాని చోట మరొకటి బలవంతంగా దూర్చితే నేరుగా షార్టే. అందుకే పిన్నుల ఆకారాలు వేరుగా చేశారు. దూరకపోతే బలం చూపించకండి.

ఇంకో మాట. మా తమ్ముడు పాత ఎస్ఎంపీఎస్ కేబుల్‌ను కొత్తదానికి గుచ్చాడు, చక్కగా పట్టింది. స్విచ్ వేయగానే హార్డ్ డిస్క్ పోయింది. ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. ఆ డిస్క్‌లోని పెళ్లి ఫొటోలు మళ్లీ దొరకలేదు. అప్పటినుంచి నా కేబుళ్లకు కాగితం చుట్టి, ఏ పెట్టెవో పెన్నుతో రాసి ఉంచుతున్నాను.

మొన్న ఎండాకాలంలో దుమ్ము దులుపుతూ రెండు కేబుళ్లూ ఊడదీసి టార్చి వేసి చూశాను. పదహారు పిన్నుల్లో ఒక్కదానికీ మచ్చ లేదు.