విడి తీగలు కొంటున్నారా? కవరు మీద పెన్నుతో రాసిన నంబరు నమ్మకండి

బెంగళూరులో అకూస్టిక్ గిటార్‌కి విడిగా స్ట్రింగులు కొనేవాళ్ళ కోసం రాస్తున్నాను. పోయిన శనివారం 1,300 రూపాయలు వదిలించుకుని, బాగున్న నట్ (గిటార్ మెడ చివర తీగలు ఆనే గాళ్ళ పట్టీ) పాడుచేయించుకుని ఇంటికొచ్చాను. షాపు పేరు రాయను. నా చేతిలో బిల్లు లేదు, కాబట్టి గొడవ పెట్టుకునే ఓపికా లేదు.

నాది మామూలు డ్రెడ్‌నాట్, అంటే పెద్ద డొక్కున్న గిటార్. ఎప్పుడూ 12 నుంచి 53 దాకా ఉండే లైట్ సెట్టే వేస్తాను (ఈ నంబర్లు తీగల మందం). లావు తీగలు నాలుగూ నిండుగా పలుకుతాయి గానీ, సన్నవి రెండూ పీలగా, డబ్బా రేకు మీటినట్టు ఉంటాయి. కారణం లాగుడులో ఉంది. ఇరవై అయిదున్నర అంగుళాల స్కేల్ (మీటే తీగ పొడవు) మీద శ్రుతి చేస్తే మొదటిదైన 12 తీగ మీద దాదాపు పదిన్నర కిలోల లాగుడు పడుతుంది, రెండోదైన 16 మీదా అంతే. మూడో తీగ, అంటే పైన సన్న తీగ చుట్టిన 24 చుట్టు తీగ దగ్గరకొచ్చేసరికి ఒక్కసారిగా పదమూడున్నర దాటుతుంది. అందుకే చాలామంది మొదటి రెండూ 13, 17 వేసి మిగతా నాలుగూ లైట్‌వే ఉంచుతారు. అప్పుడు ఆ రెండూ పన్నెండు కిలోల చుట్టుపక్కలకి వచ్చి మూడోదానికి జత కుదురుతాయి. సెట్టు మొత్తం లాగుడు 74 కిలోల దాకా ఉంటుంది కాబట్టి, ఇంకో మూడు కిలోలు కలిసినంత మాత్రాన మంచి గిటార్‌కి ఏం కాదు.

ఇక్కడిదాకా నా లెక్క సరిగ్గానే ఉంది. ఆ 13, 17 కొందామనే షాపుకెళ్ళాను. షాపతను పాత బిస్కెట్ డబ్బాలోంచి తీగలు తీస్తున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఒక్కోటి తెల్ల కాగితం కవర్లో ఉంది, పైన నీలం పెన్నుతో నంబరు. కంపెనీ పేరు ఎక్కడా లేదు. 'కంపెనీ లూజ్ మాలే అన్నా, మన తెలుగోళ్ళకి తప్పు సరుకిస్తానా' అన్నాడు. ఆ 'మన తెలుగోళ్ళు' అన్న మాటకి పడిపోయాను, ఏం దాచుకోను. సన్నవి రెండూ 240. ఆరో తీగ 56 వేస్తే బేస్ అదిరిపోద్దన్నాడు, అదో 260. నేను ఇంకా జేబులో ఫోను వెతుక్కుంటుండగానే గిటార్ ఒళ్ళో పెట్టుకుని, 'లావు తీగలు కదా, నట్ గాడి కొంచెం రాయాలి' అంటూ ఆకురాయి తీశాడు. సెట్టింగ్ ఛార్జీ 800.

ఇంటికొచ్చి మీటితే మొదటి తీగ ముందుకన్నా పీలగా ఉంది. రెండోది ఒక్కటే అరుస్తోంది. దాన్ని పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గర నొక్కితే, శ్రుతి చూపించే ట్యూనర్ ముల్లు పైకి పోతోంది. నా చెవులే చెడిపోయాయనుకున్నాను.

మా బావమరిది పీణ్యలో ఒక మెషిన్ షాపులో పనిచేస్తాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తూ మైక్రోమీటర్ తెచ్చాడు. 13 అంటే అంగుళంలో వెయ్యింట 13 వంతులు, మిల్లీమీటర్లలో 0.33 ఉండాలి. మొదటి తీగ 0.28 చూపించింది. అంటే అది 11! 17 అని ఇచ్చినది 0.43 ఉండాల్సింది, 0.46 వచ్చింది. అది 18. మూడుసార్లు కొలిచాడు, మూడుసార్లూ అదే. 'బావా, నువ్వు లావు చేయమంటే వాడు సన్నం చేసి పంపాడు' అని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు.

చుట్టు లేని సాదా తీగలో లాగుడు మందం వర్గాన్ని బట్టి మారుతుంది. 12 తీసి 11 వేస్తే 16 శాతం తగ్గుతుంది, 16 తీసి 18 వేస్తే 26 శాతానికి పైగా పెరుగుతుంది. అంటే ముందు సమానంగా ఉన్న రెండు తీగల్లో ఇప్పుడు ఒకటి తొమ్మిది కిలోల లోపు, ఇంకోటి పదమూడు పైన. పైగా తీగ లావెక్కితే బిర్రు పెరుగుతుంది, 16కి సరిచేసిన శాడిల్ (డొక్క వైపు తీగలు ఆనే పట్టీ) మీద స్వరం తప్పుతుంది. ట్యూనర్ ముల్లు సంగతి అదీ.

ఆరో తీగ మోసం పొద్దున బాల్కనీ ఎండలో బయటపడింది. నా చుట్టు తీగలన్నీ ఫాస్ఫర్ బ్రాంజ్, ఎర్రటి రాగి రంగు. ఇదొక్కటే పసుప్పచ్చగా మెరుస్తోంది. 80/20 బ్రాంజ్ అన్నమాట, నూటికి 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు జింకు. అది చెడ్డ తీగేం కాదు, కానీ మిగతావాటికన్నా ఖంగుమంటుంది. షాపు ట్యూబ్‌లైట్ కింద రెండు రంగులూ ఒకేలా కనిపిస్తాయి.

తీగలు మార్చుకోవచ్చు. గాడి లోతుగా రాసేశాడే, అదే అసలు నష్టం. మొదటి తీగ నొక్కకుండా మీటితే జుయ్యిమంటోంది. ఒక్క మాట చెప్తాను: 12 నుంచి 13కి మారడానికి చాలా గిటార్లకి ఆకురాయి అవసరమే రాదు. షాపులో ఎవరైనా తీస్తే ముందు చెయ్యి పట్టుకోండి. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, మొదటి ఫ్రెట్ మీద చూడండి, వెంట్రుకంత సందు కనిపించాలి. అది లేకపోతే మీకూ నా గతే. మీ గిటార్ పాతదైతే లావు తీగలు వేసే ముందు బ్రిడ్జ్ (డొక్క మీద తీగలు బిగించే చెక్క) వెనక సన్న కాగితం దూర్చి చూడండి. దూరితే బ్రిడ్జ్ ఊడి పైకి లేస్తున్నట్టు.

సోమవారం వెళ్ళి అడిగితే 'విప్పిన స్ట్రింగ్ వాపసు లేదన్నా' అన్నాడు. కొలత చూపిస్తే, మైక్రోమీటర్‌తో తీగలు కొలిచేవాణ్ణి ఇన్నేళ్ళలో చూడలేదన్నాడు. అది నిజమే అయ్యుంటుంది.

మీరు కొలుచుకోవాలనుకుంటే చవక డిజిటల్ వెర్నియర్ పనికొస్తుంది, కానీ దాంతో 12కీ 13కీ తేడా నమ్మకంగా దొరకదు. ఆ తేడా మిల్లీమీటర్లో నలభయ్యో వంతు. 11నీ 13నీ మాత్రం పట్టేస్తుంది. నేనిప్పుడు సీలున్న మీడియం సెట్టు ఒకటి కొని, దాంట్లోని 13, 17 తీసి వేసుకున్నాను. గిటార్ ఇప్పుడు నేననుకున్నట్టే పలుకుతోంది, మొదటి తీగ ఒట్టిగా మీటినప్పుడు తప్ప. కొత్త బోన్ నట్‌కి వచ్చే వారం దాకా ఆగమన్నారు.

ఆ సెట్టులో మిగిలిన 26, 35, 45, 56 వాడకుండా అలాగే ఉన్నాయి. మారతహళ్ళి వైపు ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఊరికే ఇస్తాను. కొలిచే ఇస్తాను.